పాత తెరచాప పడవలో ఇంజిన్ ఊగిపోతోందా? మౌంట్ల కింద కూడా చూడండి

లక్షణం: ఐడిల్‌లో ఇంజిన్ ఊగిపోతుంది. గేర్ వేయగానే కింద ఏదో కొట్టుకున్న చప్పుడు. షాఫ్ట్ గ్లాండ్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ పడవ బయటికి వెళ్లే చోట నీటిని అడ్డుకునే సీలు) నుంచి నీళ్లు మామూలు కంటే ఎక్కువ కారతాయి. ముందుగా ప్రొపెల్లర్‌కు తాడు చుట్టుకోలేదని, ఇంజిన్ మిస్ కొట్టడం లేదని నిర్ధారించుకోండి. ఆ తర్వాతే మౌంట్ల (ఇంజిన్‌ను మోసే రబ్బరు, ఇనుప ఆధారాల) జోలికి వెళ్లండి.

రబ్బరు పోయిందా?
టార్చి, చిన్న అద్దం చాలు. రబ్బరు పగిలినా, ఇనుము నుంచి ఊడి వచ్చినా, చుట్టూ నల్లటి పొడి రాలినా దాని పని అయిపోయినట్టే. డీజిల్ కారి మెత్తబడి ఉబ్బిన రబ్బరుదీ అదే గతి. ఒక్కటే చెడినా నాలుగూ మార్చాలి. పాతవి కుంగి ఉంటాయి కాబట్టి భారం కొత్తదాని మీదే పడుతుంది. కారు మౌంట్లు వద్దు. ప్రొపెల్లర్ తోపు కూడా షాఫ్ట్, గేర్‌బాక్స్ మీదుగా వీటికే చేరుతుంది.

దిమ్మె పుచ్చిందా?
చాలామంది చూడకుండా వదిలేసేది ఇదే. పాత ఫైబర్ పడవల్లో మౌంట్లు కూర్చునే దిమ్మెల్లో చాలావాటికి లోపల ఉండేది చెక్క. బోల్టు రంధ్రం గుండా నీరు, నూనె ఏళ్ల తరబడి దిగి దాన్ని పుచ్చబెడతాయి. సుత్తితో మెల్లగా తట్టండి. గట్టి చోట చప్పుడు ఖణేల్‌మంటుంది, పుచ్చిన చోట మందంగా వస్తుంది. బిగిస్తున్నా బోల్టు పట్టు లేకుండా తిరుగుతుంటే, తీసినప్పుడు తడి చెక్కపొట్టు వస్తే ఇక అనుమానం అక్కర్లేదు. ఇలాంటి దిమ్మె మీద కొత్త మౌంట్లు బిగిస్తే డబ్బు దండగ.

మరమ్మతు
కప్లింగ్ (గేర్‌బాక్స్‌ను షాఫ్ట్‌తో కలిపే జోడింపు) విడదీశాకే ఇంజిన్ ఎత్తండి, దాని బరువు షాఫ్ట్ మీద పడకూడదు. పైన అడ్డంగా గట్టి దూలం వేసి చైన్ కప్పీతో వేలాడదీయండి. ఆయిల్ సంప్ (ఇంజిన్ అడుగున నూనె ఉండే తొట్టి) కింద దుంగ పెట్టి ఎత్తకండి. రంధ్రం మాత్రమే పాడైతే దాన్ని పెద్దది చేసి, చిక్కటి ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక మళ్లీ తొలవండి. లోపలి చెక్కే పోతే పైపొర కోసి, పుచ్చినదంతా గట్టి చెక్క తగిలేదాకా తవ్వి తీయాలి. పూర్తిగా ఆరాక కొత్త చెక్కను ఎపాక్సీతో కూర్చి, పైన ఫైబర్ పొరలు వేయాలి. ఆరబెట్టడంలో తొందరపడితే పనంతా మొదటికొస్తుంది. ఫైబర్ కోసేటప్పుడు మాస్కు తప్పనిసరి.

అలైన్‌మెంట్
ఒడ్డున చూసిన అలైన్‌మెంట్ (ఇంజిన్, షాఫ్ట్ ఒకే వరసలో ఉండటం) నీళ్లలో నిలవదు, పడవ అడుగు కొద్దిగా వంగుతుంది. పడవ నీళ్లలో ఒకరోజు ఉన్నాక, తెరచాప స్తంభాన్ని నిలబెట్టే తాళ్లు బిగించి ఉండగా చూడండి. కప్లింగ్ ముఖాల మధ్య నాలుగు చోట్ల ఫీలర్ గేజ్ (సన్నటి ఖాళీలు కొలిచే రేకుల సాధనం) పెట్టండి. 100 మి.మీ. వ్యాసం ఉన్న కప్లింగ్‌కు ఖాళీల తేడా 0.1 మి.మీ. దాటకూడదు. షాఫ్ట్‌ను అర చుట్టు తిప్పి మళ్లీ కొలవండి. తేడా షాఫ్ట్‌తో పాటే తిరిగితే లోపం మౌంట్లలో కాదు, వంగిన షాఫ్ట్‌లోనో కప్లింగ్‌లోనో ఉంది. కొత్త రబ్బరు బరువుకు కొంచెం కుంగుతుంది కాబట్టి కొన్ని గంటలు నడిపాక ఇంకోసారి కొలిచి, నట్లు బిగించండి.