కాంట్రాక్టు చదివి షెడ్యూల్‌ను కలిసి నడపడం ఎలా?

నిర్మాణ పని ఎందుకు ఆలస్యమైందని మీటింగులో అడిగితే క్లయింటు కాంట్రాక్టర్ని చూపిస్తాడు, కాంట్రాక్టర్ రాని డ్రాయింగుల్ని చూపిస్తాడు. ఆ గొడవకు విత్తనం చాలాసార్లు కాంట్రాక్టులోనే ఉంటుంది. ఎవరు ఎవరికి ఎన్ని రోజుల్లో చెప్పాలి, చెప్పకపోతే నష్టం ఎవరిదన్నది అక్కడే తేలిపోయి ఉంటుంది. కాబట్టి ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ తెరవకముందే కాంట్రాక్టు తెరవండి.

1. గడువులన్నీ ఒకే పేజీలోకి తీసుకోండి

ఉదాహరణకు, నిర్మాణ పనులకు అంతర్జాతీయంగా వాడే నమూనా కాంట్రాక్టు ఫిడిక్ రెడ్ బుక్ 2017 ప్రకారం పని మొదలుపెట్టమని నోటీసు అందిన 28 రోజుల్లో కాంట్రాక్టర్ మొదటి ప్రోగ్రామ్ (అంటే పనుల షెడ్యూల్) ఇవ్వాలి. దానిపై క్లయింటు తరఫున కాంట్రాక్టు చూసే ఇంజనీరు 21 రోజుల్లో ఏమీ అనకపోతే అభ్యంతరం లేనట్టే లెక్క. ఎన్‌ఈసీ4 అనే మరో నమూనా కాంట్రాక్టులో ప్రాజెక్ట్ మేనేజర్ రెండు వారాల్లో బదులివ్వాలి. కాంట్రాక్టర్ మొదటి ప్రోగ్రామ్ ఇవ్వకుండా నాన్చితే అప్పటిదాకా చేసిన పని విలువలో నాలుగో వంతు ఆపేస్తారు. ఇలాంటివన్నీ రాసి సైట్ ఆఫీసు గోడకు అంటించండి. ఫైల్లో ఉంటే ఎవరూ చూడరు.

2. ఫ్లోట్ ఎవరిదో ముందే తేల్చుకోండి

ఒక పని ఎన్ని రోజులు ఆలస్యమైనా ప్రాజెక్టు పూర్తి తేదీ కదలదో, ఆ వెసులుబాటే ఫ్లోట్. నా లెక్కలో అసలు పేచీ ఇక్కడే. కిటికీల పనికి 12 రోజుల ఫ్లోట్ ఉందనుకుందాం. క్లయింటు డ్రాయింగులు 10 రోజులు ఆలస్యంగా ఇచ్చాడు. పూర్తి తేదీ కదల్లేదు కాబట్టి ఎవరూ కిక్కురుమనలేదు. తర్వాత బిగించే టీమ్ 4 రోజులు ఆలస్యం చేసింది. ఇప్పుడు ప్రాజెక్టు 2 రోజులు వెనకపడింది, జరిమానా కాంట్రాక్టర్ నెత్తిన పడింది. ఎక్కువ రోజులు తిన్నది మాత్రం క్లయింటే!

కాంట్రాక్టులో వేరేగా రాసి ఉంటే తప్ప ఫ్లోట్ ముందు వాడుకున్నవాళ్లదేనని ఎస్‌సీఎల్ (సొసైటీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లా) ఆలస్యాలపై ఇచ్చిన మార్గదర్శిని, డిలే అండ్ డిస్రప్షన్ ప్రోటోకాల్ 2017 కూర్పు ధోరణి. ఎన్‌ఈసీలో మాత్రం, కాంట్రాక్టర్ పూర్తిచేస్తానన్న తేదీకీ కాంట్రాక్టు గడువుకీ మధ్య మిగిలే రోజులు కాంట్రాక్టర్‌వే. మీ కాంట్రాక్టు ఏమంటుందో మొదటి మీటింగులోనే చదివి మినిట్స్‌లో రాయించండి. ప్రతి అప్‌డేట్‌లో “ఫ్లోట్ ఎవరు ఎంత వాడారు” అని ఒక కాలమ్ పెట్టండి.

3. చెల్లింపు పద్ధతి చూడండి

మొత్తం పనికి ఒకే ధర ముందే ఖాయం చేసే లంప్‌సమ్ కాంట్రాక్టులో కాంట్రాక్టర్ తన వెసులుబాటు దాచుకుంటాడు, తప్పు పట్టలేం. ఆదా, నష్టం ఇద్దరూ పంచుకునే టార్గెట్ కాస్ట్ పద్ధతిలో దాచుకోవాల్సిన అవసరం తగ్గుతుంది. లంప్‌సమ్ పెట్టుకుని “ఓపెన్‌గా ఉండండి” అని ఉపన్యాసాలిస్తే పని జరగదు.

4. ముందస్తు హెచ్చరికను ఫిర్యాదులా రాయకండి

ఎన్‌ఈసీలోనూ ఫిడిక్ 2017లోనూ సమస్య కనబడగానే అవతలివాళ్లకు చెప్పాలన్న క్లాజు ఉంది. ఇలా రాస్తే చాలు: “ఎనిమిదో అంతస్తు కిటికీల డ్రాయింగు 14వ తేదీకి రావాలి, ఇంకా అందలేదు. 20 దాటితే గ్లాసు ఆర్డరు ఆగుతుంది. రేపు పది నిమిషాలు మాట్లాడదామా?” ఇందులో నింద లేదు, తేదీలున్నాయి, చేయాల్సిన పని ఉంది.

అయితే ఒక జాగ్రత్త. ఇది క్లెయిమ్ నోటీసు (అదనపు సమయం, డబ్బు కోరుతూ ఇచ్చేది) కాదు. ఫిడిక్‌లో ఆ నోటీసుకు విడిగా 28 రోజుల గడువుంది. అది దాటితే అదనపు సమయం, డబ్బు రెండూ పోయే ప్రమాదం ఉంది. స్నేహంగా ఉన్నామని నోటీసు మానేయొద్దు. ఇస్తున్నామని ముందుగా ఒక ఫోన్ చేస్తే టెన్షన్ ఉండదు.

5. సబ్‌కాంట్రాక్టర్లకు గడువు తగ్గించండి

మీరు ప్రధాన కాంట్రాక్టరై, నోటీసుకు మీకు 28 రోజులుంటే వాళ్లకూ 28 పెట్టకండి. వాళ్లు చివరి రోజున చెబితే మీ చేతిలో ఏమీ మిగలదు. 14 పెట్టండి. వాళ్ల ఫోర్‌మన్‌ను వారం మీటింగుకు పిలవండి. టీమ్‌లో ఎంతమంది వస్తారో, సామాను ఎప్పుడు దిగుతుందో నిజంగా తెలిసేది ఆయనకే.

6. పాత షెడ్యూల్‌ను చెరిపేయకండి

ప్రతి నెలా అప్‌డేట్‌ను కొత్త పేరుతో సేవ్ చేసి, సాఫ్ట్‌వేర్ ఫైలునే రెండువైపులా పంచుకోండి. పీడీఎఫ్‌లో పనుల మధ్య లింకులు సరిగా కనబడవు. ఏ తేదీ ఎందుకు మారిందో కింద ఒక్క వాక్యం రాసి పంపండి.