స్టీరింగ్ తిప్పినా బండి తిరగనప్పుడు

పదకొండేళ్లు సుమో నడిపి డిజైర్‌కి మారినవాణ్ని. విశాఖ నుంచి అరకుకు కిరాయిలు తిప్పుతాను. సుమోను తోసేవి వెనక చక్రాలు. తడి రోడ్డు మీద తొందరపడితే దాని వెనకభాగం ఊగుతుంది. డిజైర్‌లో బండిని లాగేదీ, తిప్పేదీ, బ్రేకులో ఎక్కువ భారం మోసేదీ ముందు రెండు టైర్లే. వాటి శక్తికి మించి అడిగితే ముందుభాగం మాట వినదు. స్టీరింగ్ ఎడమకు ఉంటుంది, బండి నేరుగా పోతూ ఉంటుంది. అండర్‌స్టీర్ అంటే ఇదే.

ఒక ఆగస్టు సాయంత్రం అనంతగిరి నుంచి దిగుతున్నాను. తైడ రాకముందు ఒక ఎడమ మలుపు. కొండ మీంచి ఎర్రమట్టి నీళ్లు పలచగా రోడ్డుకు అడ్డంగా పారుతున్నాయి. 45లో ఉన్నాను. తిప్పగానే స్టీరింగ్ చేతుల్లో తేలికైపోయింది, జాకీ మీద ఉన్న బండిని తిప్పినట్టు. భయంతో ఇంకా తిప్పాను. బండి నడిమి గీత దాటి అవతలి వైపుకి పోయింది. మట్టినీళ్లు దాటి గట్టి తారు తగలగానే, అప్పటికే బాగా తిరిగి ఉన్న చక్రాలకు పట్టు దొరికింది. బండి ఒక్క విసురుతో ఎడమకొచ్చి కాలవ అంచున ఆగింది. వెనక కూర్చున్న పెద్దావిడ నా సీటును రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. రెండు నిమిషాల తర్వాత ఎదురుగా బస్సు వచ్చింది.

ఎడమ మలుపులో ఇలా జారితే ఎదురొచ్చే బండి మీదకు పోతాం. కుడి మలుపులో అయితే రోడ్డు దిగిపోతాం. రెండిటికీ మందు ఒకటే, కానీ అది మన భయం చెప్పేదానికి పూర్తిగా వ్యతిరేకం. జారుతున్న టైరును ఇంకా తిప్పితే అది రోడ్డును గీకుతుందే తప్ప పట్టుకోదు. అందుకని ముందు యాక్సిలరేటర్ మీంచి కాలు తగ్గించాలి. టక్కున తీసేయకూడదు, మెల్లగా వదలాలి. బరువు ముందుకు వచ్చి ముందు టైర్లను నేలకు అదుముతుంది. అదే సమయంలో స్టీరింగ్‌ను కొద్దిగా, గుప్పెడంత, వెనక్కి విప్పాలి. మలుపులో బండి నేరుగా పోతుంటే స్టీరింగ్ విప్పడానికి చేతులు ఒప్పుకోవు. అయినా విప్పాలి. అర సెకనులో స్టీరింగ్ మళ్లీ బరువెక్కుతుంది. ఆ బరువే పట్టు దొరికిందని కబురు. అప్పుడు మళ్లీ మెత్తగా తిప్పండి. చూపు బస్సు మీదో గోడ మీదో కాదు, వెళ్లాల్సిన దారి మీద ఉండాలి.

పొడి రోడ్డులో టైర్లు ముందే అరిచి చెబుతాయి. తడిలో ఆ అరుపు వినపడదు, చేతికి తెలిసే ఆ తేలికదనమే హెచ్చరిక. అందుకే ఘాట్‌లో స్టీరింగ్‌ను బిగించి పట్టుకోవద్దంటాను. బిగిస్తే ఏమీ తెలియదు.

ఇక దారి సరిపోదు, తగలడం ఖాయం అనిపిస్తే, స్టీరింగ్‌ను వీలైనంత నేరుగా చేసి గట్టిగా బ్రేకు తొక్కండి. 2019 ఏప్రిల్ నుంచి తయారైన కార్లన్నింటికీ ఏబీఎస్ ఉంది కాబట్టి, ఎంత గట్టిగా తొక్కినా చక్రాలు లాక్ కావు, అంటే తిరగడం ఆగి జారిపోవు. 40లో తగలడం వేరు, 15లో తగలడం వేరు.

అసలు పని మలుపుకి ముందే ఉంది. నేరుగా ఉన్నప్పుడే బ్రేకు తొక్కి, సెకండ్ గేరు వేసి, అప్పుడు తిప్పాలి. 30లో తిరిగే మలుపును 40లో తిప్పాలంటే టైర్లకు దాదాపు 1.8 రెట్లు పట్టు కావాలి. పది కిలోమీటర్లే కదా అనిపిస్తుంది కానీ, టైరుకు అది చాలా పెద్ద తేడా. దిగేటప్పుడు న్యూట్రల్ వద్దే వద్దు. ఎక్కేటప్పుడు వేరే చిక్కు ఉంది: ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాన్లు ఉంటే బరువంతా వెనక్కి పోయి ముందు టైర్లు తేలికవుతాయి. హెయిర్‌పిన్, అంటే వెనక్కి మడిచినట్టుండే మలుపు, మధ్యలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే చక్రం ఉత్తినే తిరుగుతూ బండి బయటికి పోతుంది. సగం మలుపు దాటి, స్టీరింగ్ విప్పడం మొదలయ్యాకే తొక్కండి.

టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్‌లో రాసినట్టే పెట్టించండి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరితే చట్టప్రకారమే టైరు పని అయిపోయింది. వానాకాలం ఘాట్‌కి నేనైతే అంతదాకా ఆగను. రెండే కొత్తవి కొంటే వెనక వేయించండి. ముందువి త్వరగా అరుగుతాయని అందరూ ముందు వేయిస్తారు, కానీ వెనక పట్టు పోతే బండి గిర్రున తిరిగిపోతుంది, దాన్ని సరిచేయడం ఇంకా కష్టం.

చదివితే చేతులకు రాదు. మా మేనల్లుడికి ఎస్.కోట దగ్గర ఒక ఖాళీ లేఅవుట్‌లో, వాన కురిసిన మర్నాడు నేర్పాను. ముందే అడిగి, మనుషులూ పశువులూ లేరని నడిచి చూసుకున్నాం. పది మీటర్ల తాడుతో వలయం కొలిచి చుట్టూ నీళ్ల సీసాలు పెట్టాం. 15లో బండి గీత మీదే తిరిగింది. 20 దాటేసరికి బయటి సీసాలు పడ్డాయి. వాడు మొదటి మూడుసార్లూ స్టీరింగ్‌ను ఇంకా లోపలికే లాగాడు. నేను పక్క సీట్లోంచి "విప్పు, విప్పు" అంటూనే ఉన్నాను. నాలుగోసారి నేను నోరు తెరవకముందే వాడి కాలు తగ్గింది, చేతులు విప్పుకున్నాయి, బండి మెల్లగా లోపలికి వచ్చింది. ఆ తర్వాతి ఆదివారం వాణ్ని బొడ్డవర దాటి ఘాట్ ఎక్కనిచ్చాను.