పంట కాలువలో బెండు గాలం: ముందు లోతు పెట్టడం నేర్చుకోండి

కాలువ గట్టున గాలం వేసుకుని కూర్చున్న మనిషి పక్కకి కొత్తగా ఎవరొచ్చినా మొదట అడిగే మాట ఒకటే: “లోతెంత పెట్టారండీ?” అంటే బెండుకీ గాలానికీ మధ్య ఎంత దారం వదిలారని. ఎర ఏంటి, రాడ్డు ఎంతకి కొన్నారు అన్నవి తర్వాత వస్తాయి. బొచ్చె చేప నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పై నీటిలో మేస్తుంది. శీలావతి నడి నీటిలో తిరుగుతుంది. మోసు అడుగున బురద కెలుక్కుంటుంది. అదే గాలం, అదే ఎర ముద్ద. నీటి మీద తేలే బెండుని తంగూసు (నైలాన్ దారం) మీద మూరెడు జరిపితే దొరికే చేప మారిపోతుంది.

వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు, మళ్ళీ జూన్‌లో గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్ళు వదులుతారు. వరద రోజుల్లో, అంటే ఇంచుమించు జూలై నుంచి సెప్టెంబరు దాకా, ఎర్రనీటిలో పిండి ముద్ద పెద్దగా పని చెయ్యదు, వానపాము గుచ్చాలి. దసరా దాటి నీరు తేటపడ్డాక శీలావతికి అసలు రోజులు మొదలవుతాయి. చలికాలంలో తెల్లారకుండా వెళ్ళి వణకడం ఎందుకు? ఎండ కాస్త ఎక్కాక, తొమ్మిది నుంచి పదకొండు వరకు చూడండి. మళ్ళీ సాయంత్రం నాలుగు తర్వాత.

చోటు వెతకడానికి నీళ్ళని ఒక పావుగంట చూస్తే చాలు. కాలువ వంపు తిరిగిన చోట బయటి అంచు లోతుగా ఉంటుంది, లోపలి అంచున మేట పడుతుంది. వంతెన స్తంభం వెనక నీరు నిలకడగా ఉంటుంది, చేప అక్కడ ఆగి అలుపు తీర్చుకుంటుంది. పంట బోదె కాలువలో కలిసే మూల మంచిది. అన్నిటికన్నా మంచిది రేవు. బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెల్లో మెతుకులు రోజూ అక్కడే పడతాయి కాబట్టి చేపకి ఆ చోటు అలవాటు. రేవు నుంచి పది, పదిహేను అడుగులు దిగువన కూర్చోండి. నీళ్ళకొచ్చేవాళ్ళకీ అడ్డం ఉండదు.

సామాను కొంచెమే. పది పన్నెండు అడుగుల సన్న వెదురు కర్ర, దానికి అంతే పొడవు తంగూసు. రీలు రాడ్డయినా ఇదే కట్టుబడి. తంగూసు 0.25 నుంచి 0.30 మి.మీ., గాలం 6 లేదా 8 నంబరు. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుందని కొట్లో గుర్తు పెట్టుకోండి. గాలం కట్టేటప్పుడు తంగూసుని దాని చుట్టూ ఐదారు మెలికలు తిప్పి, ముడిని ఉమ్మితో తడిపి మెల్లగా బిగించాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి తంగూసు అక్కడే కాలి బలం పోతుంది. పెద్ద చేప తెంపుకుపోయాక కొస చూడండి. ఉంగరాలు తిరిగి ఉంటే ముడి జారినట్టు. తెగిన చోట గరుగ్గా ఉంటే రాయికో గుల్లకో ఒరుసుకున్నట్టు.

బెండుకి చూపుడు వేలంత జీలుగు బెండు ముక్క చాలు. సీసం గుళ్ళు ఒక్కొక్కటే నొక్కుతూ బకెట్ నీళ్ళలో సరిచూడండి, గోరంత కొస మాత్రమే పైన కనబడాలి. ఎక్కువమంది ఇక్కడే తప్పు చేస్తారు. బెండు సగం పైకి తేలితే చేప ఎరని లాగినప్పుడు ఆ బరువు దాని నోటికి తెలుస్తుంది, వెంటనే ఊసేస్తుంది. బెండు రెండుసార్లు టకటకమని ఆగిపోతే, చేప చిన్నదనుకునే ముందు ఇంకో గుండు నొక్కి చూడండి.

ఇక లోతు కొలవడం. గాలం ముక్కుకి రూపాయి బిళ్ళంత బరువైన సీసం ముక్క గుచ్చి, మీరు వెయ్యబోయే చోటే వెయ్యండి. బెండు మునిగిపోతే లోతు చాలలేదు, పైకి జరపండి. పక్కకి పడుకుంటే ఎక్కువైంది, కిందికి జరపండి. కొస ఒక్కటే నిటారుగా నిలిచిందంటే సీసం అడుగుకి తగిలినట్టు. అప్పుడు గాలాన్ని కర్ర మొదట్లో ఆనించి, బెండు ఎక్కడికొస్తుందో అక్కడ కర్ర మీద రంగు దారం కట్టి గుర్తు పెట్టుకోండి. అటు రెండడుగులు, ఇటు రెండడుగులు కూడా కొలవండి, మేట ఎక్కడ జారి గుంటయిందో తెలుస్తుంది. చేప ఆ జారుడు అంచు వెంబడే నడుస్తుంది.

శీలావతికి ఈ కొలతకి జానెడు తగ్గించండి. బొచ్చెకి నిలకడ నీళ్ళలో రెండు మూడడుగుల లోతు చాలు. మోసుకి మాత్రం బెత్తెడు పెంచి, చివరి గుండుని గాలానికి నాలుగంగుళాల దగ్గరకి దింపండి. ప్రవాహం గట్టిగా ఉంటే తంగూసు విల్లులా వంగి ఎర పైకి లేచిపోతుంది. కొలత సరిగ్గానే ఉన్నా చేప అంటకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. ఇంకో బెత్తెడు వదలండి.

బెండు కదలికని బట్టి కింద ఏముందో చెప్పొచ్చు. పరిగెలూ తిలాపియా పిల్లలూ అయితే బెండు వణుకుతూనే ఉంటుంది, మునగదు. శీలావతి రెండు మూడుసార్లు తాకి, ఆగి, పక్కకి జారుకుంటూ ముంచుతుంది, ఆ జారుడులో కర్ర ఎత్తాలి. మోసు అడుగున ఎర తీసుకుని తల పైకెత్తుతుంది. దాంతో పాటు దగ్గరున్న గుండూ లేస్తుంది, బరువు తగ్గిన బెండు మునగడానికి బదులు పైకి తేలి పక్కకి పడుకుంటుంది. కొత్తవాళ్ళు మునిగేదాకా చూద్దామని ఆ క్షణాన్ని పోగొట్టుకుంటారు. పడుకున్నప్పుడే లాగండి. జెల్ల ఒక్క గుంజుతో ముంచేస్తుంది, గాలం లోతుగా మింగేస్తుంది. దాన్ని విడిపించేటప్పుడు వీపు మీదా రెక్కల దగ్గరా ఉన్న ముళ్ళు జాగ్రత్త. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ఆ చోటుని ముంచి ఉంచండి, సలుపు తగ్గుతుంది. వాపు పెరిగితే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ముద్దకి గ్లాసు గోధుమ పిండి, అర గ్లాసు వేయించిన వేరుశెనగ చెక్క పొడి. నీళ్ళు చిలకరిస్తూ చపాతీ పిండికన్నా కాస్త గట్టిగా కలపండి. చిటికెడు దూది పింజ పీకి కలిపితే ప్రవాహంలో ఊడిపోదు. శనగ గింజంత గుచ్చి, గాలం ముక్కు కొంచెం కనబడనివ్వండి. మిగిలింది తడి గుడ్డలో చుట్టి నీడలో ఉంచాలి. ఎండకి గట్టిపడిన ముద్దలోంచి గాలం బయటికి రాదు, చేప నోట్లో పెట్టుకున్నా తగలదు.

చేపల్ని ఆ చోటికి రప్పించడానికి నీళ్ళలో చల్లే మేతకి కిలో తౌడు దోరగా వేయించి, పావు కిలో చెక్క పొడి, గుప్పెడు నూకలు కలపండి. ఉత్త తౌడు నీటి మీద తేలి పక్క ఊరికి పోతుంది, అందుకే అందులో సగమంత గట్టు బంకమట్టి పిసికి బత్తాయిలంత ఉండలు చెయ్యాలి. మొదట ఐదారు ఉండలు, బెండుకి ఆరడుగుల ఎగువన వెయ్యండి. ఆపైన అరగంటకొకటి. ఒకేసారి గుమ్మరిస్తే చేప కడుపు నింపుకుని వెళ్ళిపోతుంది.

రీలు వాడేవాళ్ళు బిగింపు ఇంట్లోనే సరిచూసుకోవాలి. 5 కిలోల తంగూసుకి 1.5 లీటర్ల నిండు నీళ్ళ సీసా కొసకి కట్టి ఎత్తితే, రీలు మెల్లగా తిరిగి వదలాలి. రెండు కిలోల శీలావతి మొదటి పరుగుని చేత్తో ఆపాలని చూస్తే తెగేది తంగూసే. పరుగు తీయనిచ్చి, తల పైకి తేలాక పిడి వలలోకి తల వైపు నుంచి తీసుకోండి.

కొరమీను పద్ధతి పూర్తిగా వేరు. గుర్రపుడెక్క మధ్య ఖాళీల్లో రబ్బరు కప్పని ఆకు మీంచి నీళ్ళలోకి జార్చాలి. గుప్పుమని నీళ్ళు లేచిన వెంటనే లాగితే కప్ప ఒక్కటే ఎగిరొస్తుంది. రెండు లెక్కబెట్టి, తంగూసు కదిలాక కొట్టండి. వానాకాలంలో నీటి మీద నారింజ రంగు పిల్లలు ముద్దగా కదులుతుంటే కింద తల్లీ తండ్రీ కాపలా ఉన్నట్టే. అక్కడ గాలం వెయ్యొద్దు. పెద్దవి పోతే ఆ గుంపుని మిగతా చేపలు తినేస్తాయి. గుడ్డుతో పొట్ట ఉబ్బిన చేప ఏదైనా సరే, చేతులు తడుపుకుని పట్టుకుని, నీళ్ళలోనే గాలం తీసి వదిలేయండి.

లాకుల తలుపులకీ తూములకీ దగ్గరగా దిగొద్దు, కింద లాగే నీరు పైకి కనబడదు. గట్ల వెంట చెరువుల మోటార్ల కోసం వేసిన కరెంటు తీగలుంటాయి, కార్బన్ రాడ్డులోంచి కరెంటు పారుతుంది. కర్ర ఎత్తే ముందు తల పైకెత్తి చూడండి. ఊరి చెరువులు పాటకి ఇచ్చినవి, అడగకుండా వెయ్యకండి. తెగిన తంగూసు ముక్కలు జేబులో వేసుకోండి, కొంగల కాళ్ళకి చుట్టుకుంటాయి.

పక్కవాళ్ళ బెండుకి పది అడుగులైనా ఎడం వదిలి కూర్చోవాలి. లోతు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. లాకు తలుపు ఎత్తినా దించినా నీటిమట్టం మారిపోతుంది కాబట్టి ఉత్త అడుగుల లెక్క రేపటికి పనికిరాదు. రేవులో ఎన్ని మెట్లు మునిగి ఉన్నాయో చూసి, దాంతో కలిపి చెప్పండి: “మూడు మెట్లు మునిగినప్పుడు నాలుగున్నర పెట్టానండీ, శీలావతి తగిలింది.”