ఉపనిషత్తులు కొత్తగా చదవబోతున్నారా? కఠతో మొదలుపెట్టండి

ఉపనిషత్తులు చదవాలనుకునేవాళ్లు చాలామంది చిన్నగా ఉంది కదా అని ముందు మాండూక్యం తెరుస్తారు. 12 మంత్రాలే, కానీ ఒక పట్టాన కొరుకుడు పడదు. దాన్ని వివరిస్తూ గౌడపాదులు రాసిన శ్లోకాల (కారికల) సాయం లేకుండా ముందుకు కదలడం కష్టం. బదులుగా కఠోపనిషత్తు పట్టుకోండి, అందులో కథ ఉంది. యముడి ఇంట మూడు రాత్రులు తిండి లేకుండా ఎదురుచూసిన నచికేతుడు, చనిపోయాక మనిషి ఉంటాడా లేడా చెప్పమంటాడు. ఏనుగులు, బంగారం, కోరినంత ఆయుష్షు ఇస్తాను, ఇది మాత్రం అడగొద్దంటాడు యముడు. ఆ కుర్రాడు లొంగడు. ఎంత ముచ్చటేస్తుందో!

మొదటి వల్లిని (అంటే మొదటి భాగాన్ని) ఆపకుండా ఒకేసారి చదివేయండి. మూడో వల్లిలో శరీరాన్ని రథంగా, బుద్ధిని సారథిగా, మనసును పగ్గాలుగా చెప్పే మంత్రాల దగ్గర మాత్రం ఆగండి. ముందు మూలం పైకి చదివి, ఆ తర్వాతే తాత్పర్యం చూడండి.