గెయిన్స్‌విల్‌కి కాపురం మారుస్తున్నారా? ముందు ఇంట్లో ఉండే మనిషి సంగతి చూడండి

మీ ఇంట్లో ఒకరికి యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడాలో పీహెచ్‌డీ సీటో, పోస్ట్‌డాక్ ఉద్యోగమో వచ్చి ఉంటుంది. చంకలో ఓ చంటిబిడ్డ ఉండి ఉంటుంది. మ్యాప్ తెరిచి చూస్తే ఆ యూనివర్సిటీ ఉన్న ఈ ఊరు మయామీకి దగ్గర కాదు, సముద్రానికీ దగ్గర కాదు. ఓర్లాండోకి రెండు గంటలు, జాక్సన్‌విల్‌కి గంటన్నర, చుట్టూ ఓక్ చెట్లు, పైన్ అడవులు. మేమూ అలాగే మ్యాప్ చూసుకుని వచ్చాం. ఈ ఊళ్ళోనే మూడిళ్ళు మారాం, ఇద్దరు పిల్లల్ని బడిలో వేశాం. కొత్తగా వచ్చే ప్రతి కుటుంబానికీ ఫోన్‌లో చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఒకటుంది. ఇది కాలేజీ ఊరు. సీటు వచ్చిన మనిషికి దిగిన వారంలోనే కార్డు, ఈమెయిల్, డెస్కు, ఫ్రెండ్స్, బస్సులో ఉచిత ప్రయాణం అన్నీ అమరిపోతాయి. వెంట వచ్చిన మనిషికి ఏదీ అమరదు. కిటికీ వేసిన అపార్ట్‌మెంట్, ఏసీ చప్పుడు, ఆడుకోవడానికి తోడు లేక ఏడ్చే పిల్ల, అంతే. సామాను సర్దుకోవడం రెండు రోజుల పని. ఆ రెండో మనిషికి ఊళ్ళో కాలూనే చోటు దొరకడమే అసలు కాపురం పెట్టడం. అది కాగితాలతో మొదలవుతుంది.

అద్దె అగ్రిమెంటులో ఇద్దరి పేర్లూ రాయించండి. కరెంటు, నీళ్ళు ఇక్కడ జీఆర్‌యూ అనే సంస్థ ఇస్తుంది, ఆ బిల్లు ఇంట్లో ఉండేవారి పేరు మీద పెట్టించండి. బ్యాంకు ఖాతా కూడా జాయింటుగానే తెరవండి. ఎందుకంటే ఫ్లోరిడాలో లైసెన్సుకో ఐడీ కార్డుకో వెళ్తే పాస్‌పోర్టు, వీసా కాగితాలతో పాటు ఇంటి చిరునామా చూపించే రుజువులు రెండు అడుగుతారు. మేం వచ్చినప్పుడు తొందరలో అన్నీ మా ఆయన పేరు మీదే పెట్టేశాం. నా పేరు మీద ఒక్క బిల్లు కూడా లేదు. ఆ రుజువులు పోగేసుకునేసరికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ పాలు కావాలన్నా సాయంత్రం ఆరు దాకా ఎదురుచూడటమే. ఇక్కడ లైసెన్సు ఇచ్చేది కౌంటీ ట్యాక్స్ కలెక్టర్ ఆఫీసు. పేరు చూసి పన్నులు కట్టే చోటనుకుని వెనక్కి తిరగకండి. రాతపరీక్షలో 50 ప్రశ్నలుంటాయి, 40 సరిగ్గా రాస్తే పాసు. పెళ్ళి సర్టిఫికెట్ ఒరిజినల్, పిల్లల జనన ధ్రువీకరణ పత్రాలు ఇంగ్లీషులో ఉన్నవి హ్యాండ్ బ్యాగులోనే పెట్టుకోండి. సూట్‌కేసులో వేస్తే, అది తప్పిపోయిన రోజున వాటి విలువ తెలుస్తుంది.

ఇల్లు ఎక్కడ తీసుకోవాలంటే, ముందు చిరునామాలు చదవడం నేర్చుకోండి. యూనివర్సిటీ అవెన్యూ, మెయిన్ స్ట్రీట్ కలిసే చోట ఊరు నాలుగు ముక్కలవుతుంది: ఎన్‌డబ్ల్యూ, ఎన్‌ఈ, ఎస్‌డబ్ల్యూ, ఎస్‌ఈ. తూర్పు పడమరలుగా వెళ్ళేవి అవెన్యూ, ప్లేస్, రోడ్, లేన్. ఉత్తర దక్షిణాలుగా వెళ్ళేవి స్ట్రీట్, టెర్రస్, డ్రైవ్ వగైరా. పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే మీరుండేది ఊరికి ఆ చివర, మీ మంచం దిగేది ఈ చివర. మా మొదటి మంచం అలాగే ఎస్‌డబ్ల్యూకి బదులు ఎన్‌డబ్ల్యూలో ఎవరి గుమ్మం ముందో దిగింది. ఆ రాత్రి ముగ్గురం దుప్పటి పరుచుకుని కార్పెట్ మీద పడుకున్నాం.

క్యాంపస్ చుట్టుపక్కల చాలా అపార్ట్‌మెంట్లు గదుల లెక్కన అద్దెకిస్తారు. అవి కుర్రాళ్ళ కోసం. రాత్రి రెండింటికి కూడా పాటలు వినిపిస్తాయి, పసిపిల్లలతో అక్కడ వద్దు. యూనివర్సిటీకి చెందిన కోరీ విలేజ్, డైమండ్ విలేజ్‌లలో కుటుంబాలుంటాయి, పిల్లలకి తోడు దొరుకుతుంది. వాటికి క్యూ ఉంటుంది కాబట్టి అడ్మిషన్ ఉత్తరం చేతికొచ్చిన రోజే పేరు ఇవ్వండి. ఆర్చర్ రోడ్డు, టవర్ రోడ్డు వైపు మనవాళ్ళు బాగానే ఉన్నారు, సరుకులకీ దగ్గరే. పిల్లలు బడి ఈడుకొచ్చి ఉంటే సంతకం పెట్టే ముందే ఆ చిరునామా ఏ బడి జోన్‌లోకి వస్తుందో స్కూల్ బోర్డు సైటులో చూసుకోండి. జోన్లు మారుతుంటాయి, పాత అద్దెదారు చెప్పింది నమ్మకండి. బస్సు నమ్ముకునేవారు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. ఆర్‌టీఎస్ అనే సిటీ బస్సులు సెమిస్టర్‌లో తిరిగినన్ని శని, ఆదివారాల్లోనూ, సెలవుల్లోనూ తిరగవు.

ఇక్కడ అద్దెలు ఆగస్టు నుంచి ఆగస్టుకి. జూలై 31 వచ్చిందంటే ఊరు ఊరంతా సామాన్లు మోస్తుంటుంది. చెత్త డబ్బాల పక్కన సోఫాలు, టేబుళ్ళు వదిలేసి పోతారు. (టేబుళ్ళు తెచ్చుకోండి, పర్వాలేదు. పరుపులు, సోఫాలు మాత్రం తేకండి, నల్లులు వస్తాయి.) చిక్కెక్కడంటే, పాత ఇల్లు 31న మధ్యాహ్నం ఖాళీ చేయాలి, కొత్త ఇంటి తాళాలు నాలుగైదు రోజులు ఆగాక గానీ ఇవ్వరు. ఇది మాకు ముందు తెలియదు. రెండో ఇల్లు మారేటప్పుడు నాకు ఏడో నెల. సామానంతా అద్దె ట్రక్కులో పెట్టి, మేం ఒక స్నేహితురాలి హాల్లో నాలుగు రాత్రులున్నాం. "అక్కా, హోటలని ఆలోచించకు, వచ్చేసెయ్" అని ఆ అమ్మాయే తాళం తెచ్చి చేతిలో పెట్టింది. ఇప్పటికీ జూలై వస్తే ముందు ఆ పిల్లే గుర్తొస్తుంది. మీరు అగ్రిమెంటు రాసుకునేటప్పుడే తాళాలిచ్చే తేదీ అడిగి రాయించుకోండి. ట్రక్కు నెల ముందే బుక్ చేయండి. పోపుల డబ్బా, బియ్యం కుక్కర్, నాలుగు గిన్నెలు, పిల్లల మందులు, పాస్‌పోర్టులు మాత్రం ట్రక్కులో వేయకండి, అవి మీ కార్లోనే ఉండాలి. మొదటి రాత్రి చారన్నం తింటే సగం అలసట పోతుంది.

అడ్వాన్సు సంగతి కూడా చెప్తాను. దిగిన రోజే ప్రతి గోడకీ, కార్పెట్‌కీ, ఓవెన్ లోపలికీ వీడియో తీసి, ఆ రోజే మేనేజరుకి మెయిల్ చేయండి. మా మొదటి ఇంటివాళ్ళు మేం రాకముందు నుంచీ ఉన్న మరకకి డబ్బు పట్టుకున్నారు. చూపించడానికి మా దగ్గర ఫొటో లేదు. ఫ్లోరిడా చట్టం ప్రకారం, పట్టుకునేది ఏమీ లేకపోతే ఖాళీ చేసిన 15 రోజుల్లో అడ్వాన్సు తిరిగివ్వాలి. పట్టుకోదలిస్తే 30 రోజుల్లో ఉత్తరం రాయాలి. అది అందాక మీరు ఒప్పుకోనట్టు చెప్పడానికి 15 రోజుల గడువుంటుంది. ఆ ఉత్తరం మీకు చేరాలంటే కొత్త చిరునామా రాసిచ్చి రండి. నోటితో చెబితే చాలదు.

ఇల్లు మారిన పది రోజుల్లో వీసా వాళ్ళకీ చెప్పాలి. ఎఫ్-1 (విద్యార్థి), జే-1 (పరిశోధకుల) వీసాల వారు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ సెంటర్ ద్వారా, హెచ్-1బీ, హెచ్-4 వారు ఏఆర్-11 ఫారం ఆన్‌లైన్‌లో నింపి. దానికి డబ్బేం కట్టక్కర్లేదు. ఇంట్లో ప్రతి ఒక్కరికీ చేయాలి, పసిపిల్లకి కూడా.

వంటింట్లో టెన్షన్ పెట్టేది పొగ అలారం. చాలా అపార్ట్‌మెంట్లలో పొయ్యి మీద ఉండే ఫ్యాను పొగని బయటికి పంపదు, వడకట్టి మళ్ళీ మన మొహం మీదికే వదులుతుంది. ఎండుమిర్చి, ఇంగువ వేసి పులిహోర పోపు పెట్టారంటే అలారం మోగి చంటిది ఉలిక్కిపడి లేస్తుంది. పోపు పెట్టే ముందు బాల్కనీ తలుపు తీసి, చిన్న మూకుడులో, మూత చేతిలో పట్టుకుని పెట్టండి. అలారం బ్యాటరీ మాత్రం తీయకండి. పప్పులు, పిండి గట్టి మూతల డబ్బాల్లో పోయండి. ఇక్కడి బొద్దింకలు బొటనవేలంత ఉంటాయి, ఎగురుతాయి కూడా. మీ ఇల్లు శుభ్రంగా లేదని కాదు, ఈ ఊరి తేమ అలాంటిది.

ఆ తేమని తక్కువ అంచనా వేయకండి. మొదటిసారి వేసవిలో ఇండియా వెళ్తూ, బిల్లెందుకని ఏసీ పూర్తిగా కట్టేసి వెళ్ళాం. ఐదు వారాల తర్వాత తలుపు తీస్తే ముక్కిన వాసన. తోలు బెల్టులకి, కుర్చీ కాళ్ళకి, ఉయ్యాల పట్టీలకి కూడా తెల్లటి బూజు. ఊరెళ్ళినా ఏసీ 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పెట్టి వెళ్ళండి.

జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ల కాలం. హుద్‌హుద్ చూసిన విశాఖవాళ్ళకి గాలి సంగతి నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ ఉప్పెన భయం లేదు, సముద్రం దూరం. చెట్లు కరెంటు తీగల మీద పడటమే బాధ. 2017లో ఇర్మా హరికేన్‌కి ఊళ్ళో కరెంటు పోయింది, నీళ్ళు నిలిచాయి. మనిషికి రోజుకి ఒక గ్యాలన్ (దాదాపు నాలుగు లీటర్లు) చొప్పున నీళ్ళు, చంటిపిల్లల పాలపొడి, టార్చి, ఫోన్ బ్యాటరీ జూన్‌లోనే తెచ్చి పెట్టుకోండి. తుఫాను పేరు టీవీలో వచ్చాక దుకాణంలో నీళ్ళ సీసా ఉండదు.

పిల్లల విషయంలో టీకాల పుస్తకం ముఖ్యం. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేసేది ఎంఆర్ టీకా, అంటే తట్టు, రుబెల్లాలకి. ఇక్కడ గవదబిళ్ళలు కూడా కలిసిన ఎంఎంఆర్ అడుగుతారు. బడిలో చేర్చడానికి ఫ్లోరిడా 680 ఫారం కావాలి, అది ఇక్కడి డాక్టరు గానీ కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ గానీ ఇస్తుంది. ఈ నిబంధనల మీద రాష్ట్రంలో ఈ మధ్య చర్చ నడుస్తోంది, చేర్చే ముందు బడిలోనే కనుక్కోండి. సెప్టెంబర్ 1 నాటికి నాలుగేళ్ళు నిండిన పిల్లలకి వీపీకే అని రోజుకి కొన్ని గంటల ప్రీస్కూలు ఉచితం. డబ్బు కట్టాలనుకుని చాలామంది మనవాళ్ళు వదిలేస్తున్నారు, వదలకండి. క్యాంపస్‌లో బేబీ గేటర్ అనే పిల్లల కేంద్రానికి కూడా ముందే పేరు ఇవ్వాలి. కారు సీటు ఎయిర్‌పోర్టులో దిగిన క్షణం నుంచే అవసరం. ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం ఇక్కడ కుదరదు.

ఏ చెరువైనా, ఏ కాలువైనా మొసలి ఉందనుకునే పిల్లల చెయ్యి పట్టుకోండి. పచ్చిక మీద చిన్న మట్టి కుప్పలు కనిపిస్తే ఫైర్ యాంట్స్ అనే చీమల పుట్టలు. చెప్పులు లేకుండా పరిగెత్తనివ్వకండి.

ఇప్పుడు మళ్ళీ ఇంట్లో ఉండే మనిషి దగ్గరికి వస్తాను. రెండో వారంలోనే లైబ్రరీ కార్డు తీసుకోండి. మిల్‌హాపర్, టవర్ రోడ్డు బ్రాంచిల్లో పిల్లలకి కథల గంట ఉంటుంది. నా మొదటి స్నేహాలు ఆ కార్పెట్ మీదే దొరికాయి: ఒక కొరియా అమ్మాయి, ఒక బెంగాలీ అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగిన ఒక అమ్మమ్మ. హార్న్ ఆర్ట్ మ్యూజియంకి టికెట్ కొనక్కర్లేదు, ఎండలో చల్లగా తిరగొచ్చు. పనిదినాల్లో క్యాంపస్‌లో ప్లాజా ఆఫ్ ది అమెరికాస్ దగ్గర కృష్ణా లంచ్ పెడతారు, అన్నం, కూర, హల్వా. 1971 నుంచీ నడుస్తోంది. పక్కనున్న అలచువాలో ఇస్కాన్ వారి గుడి పెద్దది. గోపురం చూడాలనిపిస్తే టాంపాలో హిందూ టెంపుల్ ఆఫ్ ఫ్లోరిడా ఉంది, వెళ్ళడానికి రెండు గంటలు. శరదృతువులో శనివారాలు ఫుట్‌బాల్ ఉంటే మాత్రం యూనివర్సిటీ అవెన్యూ వైపు పని పెట్టుకోకండి. అక్కడున్న యూనివర్సిటీ స్టేడియంలో 88 వేల మందికి పైగా పడతారు.

అమెరికా దక్షిణాది తిండిలో మనకి దగ్గరగా ఉండేవి చాలా ఉన్నాయి. బెండకాయ ఇక్కడి వాళ్ళకీ ఇష్టం. 441 రోడ్డు మీద శనివారం పొద్దున రైతుల మార్కెట్ ఉంటుంది. ఊరి బయట రోడ్ల పక్కన అట్టముక్క మీద చేత్తో రాసి, పెద్ద గిన్నెలో ఉప్పునీళ్ళలో వేరుశెనక్కాయలు ఉడకబెడుతుంటారు. మొదటిసారి ఆ ఆవిరి తగిలినప్పుడు మా ఆయన కారు పక్కకి ఆపి, మాటా పలుకూ లేకుండా రెండు పొట్లాలు తిన్నారు. తొక్క ఒలుస్తుంటే గోళ్ళ సందుల్లోకి ఆ ఉప్పునీరు దిగడం, లోపలి గింజ మెత్తగా ఉండటం అచ్చం మా ఊరి పొలం గట్టు మీద తిన్నట్టే.

తాజా కరివేపాకు, మొక్కలు సూట్‌కేసులో తేకండి, ఎయిర్‌పోర్టులో తీసేస్తారు. నారింజ తోటల్ని చంపే సిట్రస్ గ్రీనింగ్ రోగాన్ని మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఫ్లోరిడాలో ఆ రోగం 2005లో బయటపడింది, తోటలు చాలా దెబ్బతిన్నాయి. మొక్క ఈ ఊళ్ళోనే ఎవరో ఒకరు ఇస్తారు. గోంగూరకి దగ్గరి చుట్టమైన రోసెల్‌ని ఇక్కడి పాతతరం వాళ్ళు ఫ్లోరిడా క్రాన్‌బెర్రీ అని పెంచేవారట. ఎర్ర కాయలతో జామ్ చేస్తారు, ఆకు మనం పచ్చడి చేసుకుంటాం. చలి పోయాక వసంతంలో విత్తనం వేస్తే వేసవంతా ఆకు కోసుకోవచ్చు. చలికాలంలో కొన్ని రాత్రులు నీళ్ళు గడ్డకట్టేంత చలి వస్తుంది. ఆ సాయంత్రం కరివేపాకు కుండీ లోపల పెట్టుకోవడం మరిచిపోకండి. మరిచిపోయి ఎండిపోయినా ఫోన్ చేయండి, మా కుండీలో పిలకలున్నాయి.