కాక్టస్ మెత్తబడిందా? ముందు నీళ్లు ఆపండి

మా అనంతపురంలో కుండీలోని కాక్టస్ చచ్చిపోయిందంటే చాలావరకు నీళ్లు ఎక్కువయ్యే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా, ముళ్ల మొక్కకు ఇంతకన్నా ఏం కావాలి అనుకుంటాం, కానీ అది పెరుగుతున్నది గుట్ట మీద కాదు, తేమ బయటికి పోని ప్లాస్టిక్ కుండీలో. కాబట్టి వాడినట్టు కనబడగానే చెంబు ఎత్తకండి.

పాత పేపరు మడతపెట్టి మొక్కను పట్టుకుని, మెల్లగా నొక్కి చూడండి. ముడతలు పడినా గట్టిగానే ఉంది, మట్టి పొడిగా ఉంది అంటే అది దాహమే, అడుగు నుంచి కారేదాకా ఒకసారి నీళ్లు పోస్తే కొన్ని రోజుల్లో మళ్లీ నిండుతుంది. మట్టి తడిగా ఉన్నా ముడతలు పడుతోందంటే మాత్రం వేళ్లు పోయినట్టే, కుండీలోంచి తీసి చూడాల్సిందే. మొదలు దగ్గర గోధుమరంగులో బెరడులా గట్టిగా ఉంటే అది వయసుతో వచ్చేది, వదిలేయండి. అదే చోట వేలు దిగబడుతుంటే కుళ్లు, ఇక రేపటిదాకా ఆగొద్దు.

కుళ్లు కింది నుంచి పైకి పాకుతుంది కాబట్టి పైభాగాన్ని కోసి కాపాడుకోవాలి. పదునైన కత్తిని స్పిరిట్‌తో తుడిచి, మెత్తబడిన చోటుకు కాస్త పైన అడ్డంగా కోయండి. కోసిన ముఖం మధ్యలో గుండ్రంగా ఒక వలయం కనిపిస్తుంది, అసలు చూడాల్సింది అదే. చుట్టూ కండ ఎంత పచ్చగా ఉన్నా ఆ వలయంలో చిన్న గోధుమ చుక్క ఉందంటే కుళ్లు ఇంకా పైన ఉన్నట్టు. కత్తి మళ్లీ తుడిచి ఇంకో ముక్క కోయండి, వలయం పూర్తిగా శుభ్రంగా కనబడేదాకా ఇదే పని. మొక్క చిన్నదైపోతోందని జాలిపడి ఆపితే ఉన్నది కూడా దక్కదు. కోసిన చోట గంధకం పొడి అద్దితే మంచిది. ఎర్ర తల, పచ్చ కాండం ఉన్న అంటు కాక్టస్ అయితే ఆ తలను విడిగా నాటకండి, దానిలో పచ్చదనం లేదు, సొంతంగా బతకలేదు, వేరే కాండానికి అంటు కట్టాల్సిందే.

తర్వాత నీడలో, గాలి తగిలే చోట, నిలువుగా ఆరబెట్టాలి. వేలు లావు ముక్కకు వారం పది రోజులు, పిడికిలంత దానికి రెండు మూడు వారాలు, వానాకాలమైతే ఇంకా ఎక్కువ. కోత మీద గట్టి పొర కట్టకముందే నాటితే మళ్లీ మొదటికే వస్తుంది.

మట్టి విషయంలో మనవాళ్లు ఎక్కువ పొరపాటు పడతారు. మన ఎర్రమట్టి ఒక్కటే వేస్తే కుండీలో ఇటుకలా బిగుసుకుంటుంది, నల్లరేగడి అసలు వద్దు. ఎర్రమట్టి ఒక వంతు, గరుకు ఇసుక ఒక వంతు, ఇటుక ముక్కలు లేదా గ్రానైట్ చిప్స్ ఒక వంతు కలిపి, మెత్తటి దుమ్మును జల్లెడ పట్టి తీసేయండి. నాపరాయి ముక్కలు వాడకండి, వాటిలో సున్నం ఉంటుంది, మన బోరు నీళ్లలో ఉన్నదే ఎక్కువ. వీలైతే వాన నీళ్లు పట్టి పెట్టుకుని అవే పోయండి. నర్సరీ నుంచి కొబ్బరి పొట్టులో వచ్చిన మొక్కను కూడా ఈ మట్టికే మార్చాలి.

పొడి మట్టిలోనే నాటి, నీళ్లు పోయకుండా ఉంచండి. కొన్ని వారాల తర్వాత వేలితో కొద్దిగా కదిపితే గట్టిగా నిలబడుతోందంటే వేళ్లు పట్టాయి, అప్పుడు మొదటి నీళ్లు. మళ్లీ మట్టి లోపలిదాకా ఎండాకే. కొనలో కొత్త ముళ్లు వచ్చేదాకా ఎరువు జోలికి వెళ్లొద్దు.

ఎండ దెబ్బ వేరే కథ. గ్రీన్ నెట్ కింద పెరిగిన మొక్కను తెచ్చి ఏప్రిల్‌లో మిద్దె మీద పెడితే పడమటి వైపు తెల్లబడి, తర్వాత అట్టకడుతుంది. ఆ మచ్చ ఇక పోదు, కానీ గట్టిగా ఉంటే ప్రాణానికి ఢోకా లేదు. పొద్దున పది దాకా మాత్రమే ఎండ తగిలేలా జరిపి, రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా అలవాటు చేయండి. ఆషాఢం గాలికి కుండీ పడి గీసుకుపోయినా మందులేమీ అక్కర్లేదు, గాయం ఆరేదాకా తడి తగలకుంటే చాలు.

ముళ్ల మధ్య దూదిలా తెల్లగా కనిపిస్తే పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో సాయంత్రం పూట తుడవండి, వేపనూనె కొట్టినా సాయంత్రమే, లేదంటే మరుసటి ఎండకు కాలుతుంది. ఇవి వేళ్ల దగ్గర కూడా దాక్కుంటాయి, కాబట్టి ఒక మొక్కకు కనబడితే పక్క కుండీలన్నీ తీసి చూసుకోండి.