గేటు పక్కన ఉత్తరాల పెట్టె

చాలా ఇళ్లలో ఉత్తరాలను గేటు సందులోంచి లోపలికి వేసి వెళ్తారు; వానకు తడిసో, గాలికి కొట్టుకుపోయో అవి మన చేతికి అందకుండా పోతాయి. ఆధార్ లేఖ, బ్యాంకు కాగితాలు, బీమా నోటీసులు నేటికీ టపాలో వస్తూనే ఉన్నాయి కనుక, గేటు పక్కన తాళం వేసే పెట్టె ఒకటి తప్పక ఉండాలని నా గట్టి అభిప్రాయం.

కొత్తది కొనేటప్పుడు అందం కంటే ముందు దాని నోటి వెడల్పు చూడండి. ఏ4 కాగితమే 21 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. దాన్ని మడవకుండా పెట్టే కవరు ఇంకాస్త పెద్దది కాబట్టి, నోరు కనీసం 25 సెంటీమీటర్లు ఉంటేనే పోస్ట్‌మ్యాన్ దాన్ని నలపకుండా లోపలికి వేయగలుగుతారు. నోటికి మూతరేకు, పైకప్పుకు వాలు, అడుగున నీరు కారిపోవడానికి చిన్న రంధ్రాలు ఉండాలి. ఆ రంధ్రాలకు సన్నని జాలీ బిగించకపోతే కందిరీగలు గూడు కట్టే ప్రమాదం ఉంది.

ఇంట్లో పెద్దల కాలం నాటి ఇనుప పెట్టె ఉంటే దయచేసి పాత ఇనుము కింద అమ్మేయకండి. ఆ మందపాటి రేకు ఇప్పటి పెట్టెల్లో అరుదు. ఎమరీ పేపరుతో తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ పూసి, అది పూర్తిగా ఆరిన తరువాత తపాలా పెట్టెల ఎరుపులోనే ఎనామిల్ రంగు వేస్తే, వీధి చివరి నుంచే కనిపిస్తుంది.

ముందు భాగాన ఇంటిపేరు, డోర్ నంబరుతో పాటు 1972 నుంచి వాడుకలో ఉన్న ఆరంకెల పిన్‌కోడ్‌ను కూడా పెద్ద అక్షరాలతో రాయించండి.